ఆకురాయి ఆఖర్న

ప్రోగ్రామర్‌ని చంపినవాళ్లు తొందరపడలేదు. కళ్లజోడు తీసి, మడిచి, కీబోర్డు పక్కన పెట్టి, ఆ తర్వాతే కాల్చారు. సైలెన్సర్ వాడి ఉంటారు. పక్క వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మిషను ఆగనే లేదు. మాస్టారు మెట్లెక్కి వస్తున్నప్పుడు కూడా అది టకటకమంటూనే ఉంది.

అప్పటికి టైం ఉదయం పదకొండూ ఐదు.

మాస్టారు నిజానికి మాస్టారు కాదు. సీక్రెట్ సర్వీసులో పదిహేడేళ్లుగా ఫీల్డ్ ఏజెంట్. ఎప్పుడో ఒక మిషన్ కోసం రెండేళ్లపాటు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో వెబ్ ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పాడు. మిషన్ ఫెయిలైంది. పాఠాలు బాగా కుదిరాయి. పేరు అతుక్కుపోయింది.

గదిలో పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. సర్వీసుకి ఆయనే చీఫ్. మంచం అంచున కూర్చుని, శవాన్ని చూడలేక గోడమీది కేలండర్ని చూస్తున్నాడు.

"తలుపెయ్. కూర్చోకు, టైం లేదు," అన్నాడు. "ఇతను నాకు పదీ నలభైకి ఫోన్ చేశాడు. 'సార్, సార్ట్ పాడైంది' అన్నాడు. అంటే ఏమిటయ్యా అని నేనడిగేలోపు లైను పోయింది."

"ఏ సార్ట్?"

"హార్డ్‌వేర్ షాపుది."

హార్డ్‌వేర్ షాపు అనే వెబ్‌సైట్ ఒకటుందని మాస్టారుకి తెలుసు. లోపలి సంగతులు ఇప్పుడే వింటున్నాడు. పెద్దాయన గబగబా చెప్పుకుపోయాడు.

సరిహద్దుకి అవతల, సరిహద్దుకి ఆనుకునే ఉన్న ఊళ్లో మనవాళ్లు తొమ్మిదిమంది. ఒక్కొక్కరికి ఒక్కో పనిముట్టు పేరు కోడ్‌నేమ్. సుత్తి, చిత్రిక, బరమా, మేకు, ఉలి, రంపం, పట్టకారు, తాపీ, ఆకురాయి. షాపు వెబ్‌సైట్‌లో ఆ తొమ్మిది వస్తువులే కనబడతాయి. వస్తువు పక్కన ఒక స్టాకు నంబరు. ఎవరి వస్తువు పేజీలో అన్నిటికంటే పైకొస్తే అప్పుడు వాళ్ల వంతు. స్టాకు నంబరు చూస్తే ఏ గేటు దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది. బండివాడు కూడా అదే పేజీ చూస్తాడు. అదే గేటుకొచ్చి ఎక్కించుకుంటాడు. అరగంట కాగానే పై వస్తువు జాబితాలోంచి పోయి, కిందిది పైకొస్తుంది.

"నిన్న సాయంత్రం నెట్‌వర్క్ బయటపడిందని కబురొచ్చింది. మనుషులున్నారని తెలుసు వాళ్లకి. ఎవరో తెలీదు. ఇవాళ సాయంత్రానికల్లా ఇల్లిల్లూ గాలిస్తారు. అందుకని పొద్దున పదింటికి మనవాళ్లని ఇవతలికి లాగడం మొదలుపెట్టాం," అన్నాడు పెద్దాయన. "పదింటికి సుత్తి దొరికిపోయాడు. పదిన్నరకి చిత్రిక. పదకొండుకి బరమా. పారిపోబోతే కాల్చేశారట."

"పేర్లెవరో అందించారేమో."

"అందిస్తే తొమ్మిదిమందినీ ఇళ్లలోనే పట్టుకుని ఉండేవాళ్లు. మనవాళ్లే కాళ్లారా నడిచెళ్లి వాళ్ల చేతుల్లో పడుతున్నారు. సుత్తికి మనమిచ్చింది జాలరి వేషం. కాగితాలూ జాలరివే. రేవు గేటుకి వెళ్లాల్సినవాడు ఆస్పత్రి వెనక, లాండ్రీ గేటు దగ్గర నిలబడ్డాడు. చేపల బుట్టతో. కాగితాలు చూడగానే అనుమానించి పట్టేశారు."

"పేజీ ఆపేస్తే?"

"పేజీ కనబడకపోతే అందరూ పాత గోదాముకి రావాలని రూలు. అందులో పొద్దుట్నుంచి వాళ్ల సైనికులు కూర్చున్నారు." పెద్దాయన ఇప్పుడు కేలండర్ మీంచి చూపు తిప్పాడు. "పాస్‌వర్డులన్నీ మార్చేశారు. సర్వర్ ముందు కూర్చుంటే తప్ప కుదరదు. అది ఊరి మధ్యలో ఒక వెబ్ డిజైన్ కంపెనీలో ఉంది. నెమలిది."

నెమలి అంటే ఎవరో సర్వీసులో తెలియనివాళ్లు లేరు. పేరుకి వెబ్ డిజైనర్. పార్టీల్లో ఆమె చుట్టూ మంత్రులు మూగేవాళ్లు. మనకి అవతలి దుకాణం రహస్యాలు తెచ్చేది. అవతలి దుకాణం అంటే ఆ పొరుగు దేశపు గూఢచారి ముఠా. ఆఫీసులో దాన్ని అలాగే పిలుస్తారు.

"ఆవిడ మన మనిషేనా సార్?"

"నెలకి రెండుసార్లు మన మనిషే. మిగతా రోజుల సంగతి నేనడగలేదు."

"నాకంటే చురుకైనవాళ్లున్నారు."

"ఉన్నారు. 'ప్రోగ్రామింగ్‌లో అర్రే అంటే తెలుసా' అని అడిగితే, 'అరే ఏంటి సార్, అంత మాటంటారు' అని నొచ్చుకుంటున్నారు." ఆయన నవ్వలేదు. మాస్టారూ నవ్వలేదు. "ఇంకో సంగతి. ఆకురాయి నీ చెల్లెలని నాకు తెలుసు. మర్చిపొమ్మని చెప్పను. చెప్పినా మర్చిపోవు."

ఆ కోడ్‌నేమ్ పెట్టించింది మాస్టారే. చెల్లెలు ఎవర్ని చూసినా గీకి పెట్టేది. అన్నయ్య బట్టతల దగ్గర్నుంచి చీఫ్ ఇంగ్లీషు దాకా ఎవర్నీ వదిలేది కాదు. 'దీనికి ఆకురాయి అని పెట్టండి, సరిపోతుంది' అని ఒకసారి నవ్వులాటకి అంటే, ఇప్పుడు ఈ గదిలో చచ్చిపడి ఉన్న మనిషే అది రాసుకున్నాడు. పదకొండు నెలలైంది ఆమెని చూసి.

* * *

పదకొండూ ముప్ఫయ్ రెండుకి ఏసీ మెకానిక్ ఒకడు ఆ కంపెనీ ఉన్న బిల్డింగ్‌లోకి వచ్చాడు. నీలం చొక్కా, జేబులో స్క్రూడ్రైవర్, భుజాన గ్యాస్ సిలిండర్, ముక్కు మీద మసి. చెవిలో కందిగింజంత రేడియో. చొక్కా జేబులోని పెన్నులో కెమెరా ఉంది. అది నాలుగు నెలలుగా పనిచెయ్యడం లేదు. రిపేరు కోసం పెట్టిన కాగితం మీద ఇంకా సంతకం పడలేదు.

లిఫ్టు నాలుగో అంతస్తు దాటుతుండగా చెవిలో పెద్దాయన గొంతు వినబడింది. "మేకు కూడా."

మాస్టారు లిఫ్టు గోడకి ఆనుకున్నాడు. నలుగురు పోయారు. ఇంకా ఐదుగురు. వాళ్లూ అరగంటకి ఒకరు చొప్పున, గడియారం పెట్టుకుని మరీ పోతారు.

రిసెప్షన్‌లో కొరియర్ యూనిఫాం వేసుకున్న మనుషులిద్దరు సోఫాలో కూర్చున్నారు. ఇద్దరి చేతుల్లోనూ పార్సిల్ లేదు. వాళ్లని దాటుకుని ఒకావిడ ఎదురొచ్చింది. నెమలికంఠం రంగు సిల్కు డ్రెస్సు, చెవులకి పచ్చలు, మనిషికంటే ముందొచ్చే సెంటు వాసన.

"గ్యాస్ అయిపోయిందా మేడమ్, లేక గదిలో మనుషులు ఎక్కువయ్యారా?" అన్నాడు మెకానిక్.

"మనుషులే ఎక్కువయ్యారు," అంది నెమలి. అదే కోడ్. "రండి."

సర్వర్ రూము తలుపు ఇనుపది. ఆమె వేలిముద్ర పెడితేనే తెరుచుకుంటుంది. లోపల చలి, సన్నగా హోరు, ఒక టేబులు, రెండు కుర్చీలు. తలుపు మూసుకోగానే మాస్టారు స్క్రూడ్రైవర్ని గడియలోకి దూర్చి మెలిపెట్టాడు. ఇక బయట్నుంచి ఎవరి వేలు పెట్టినా తెరుచుకోదు.

"అంత అనుమానమా?" అంది నెమలి.

"అలవాటు మేడమ్."

ఆమె పాస్‌వర్డ్ కొట్టి కుర్చీ ఖాళీచేసి ఇచ్చింది. పదకొండూ ముప్ఫయ్ ఆరు.

పేజీ కోడ్ చిన్నదే. మాస్టారు పైనుంచి కిందికి ఒకసారి చదివాడు. తొమ్మిది కీలు, తొమ్మిది విలువలు ఉన్న అర్రే, అంటే ఒక పట్టీ. కీ అంటే పనిముట్టు పేరు, విలువ అంటే స్టాకు నంబరు. అర్రేలో అవి అక్షరక్రమంలో ఉన్నాయి, ఆకురాయి మొదట, సుత్తి చివర. మనుషుల్ని లాగాల్సిన క్రమం అది కాదు కాబట్టి, ప్రోగ్రామర్ ఆ క్రమాన్ని వేరే చిన్న జాబితాగా రాసి దానికి 'వరుస' అని పేరు పెట్టాడు. ఆ వరుస చూసి అర్రేని సర్దాలి, సార్ట్ అంటే అదే. సర్దేటప్పుడు ప్రతి కీ తన విలువని వెంటబెట్టుకుని కదలాలి. ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పాఠం చెప్పేటప్పుడు అతను పిల్లలకి ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు. బడిపిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టండి, కానీ ఎవరి సంచీ వాళ్ల భుజానే ఉండాలి.

ఇక్కడ సంచీలు మారిపోయాయి. ఎవరో ఒకే ఒక్క లైను మార్చారు. పేర్లని విడిగా తీసి వరుసలో పెట్టారు. నంబర్లని పాత అక్షరక్రమంలోనే ఉంచి, వాటినే ఆ పేర్ల పక్కన అతికించారు. పేజీ చూడ్డానికి ఏమీ తేడా లేదు. తొమ్మిది వస్తువులు, తొమ్మిది నంబర్లు. కానీ మొదటి పేరైన సుత్తి పక్కన ఉన్నది ఆకురాయి నంబరు.

అతని చెయ్యి మౌస్ మీదే ఆగింది. ఆకురాయి గేటంటే ఆస్పత్రి వెనక లాండ్రీ గేటు. చెల్లెలు అక్కడ దుప్పట్లు ఉతికే మనిషిగా పనిచేస్తోంది. అంటే ఇవాళ పొద్దున పదింటికి, చేపల బుట్టతో వచ్చి దొరికిపోయిన మనిషిని ఆమె లాండ్రీ కిటికీలోంచి చూసే ఉంటుంది. తన గేటుకి అతనెందుకొచ్చాడో అర్థం కాక, తన పని ఆపకుండా, చూసి ఉంటుంది.

"దొరికిందా?" అంది నెమలి వెనకనుంచి.

"దొరికింది."

"అంత తేలిగ్గా?"

ఆ మాట అతనికి నచ్చలేదు. చెవిలో పెద్దాయన మళ్లీ పలికాడు. ఈసారి గొంతు బొంగురుగా ఉంది. "మాస్టారూ, విను. సరిహద్దు రెండింటికి మూసేస్తున్నారట. ఒంటిగంటన్నర బండే ఆఖరిది. ఐదుగురున్నారు, నాలుగు బళ్లే ఉన్నాయి. వరుస మార్చే అధికారం నీకిస్తున్నాను. ఎవరు మిగలాలో నువ్వే చూడు. నిన్నెవరూ అడగరు."

మాస్టారు వరుస జాబితా తెరిచాడు. ప్రోగ్రామర్ ప్రతి పేరు పక్కనా తనకోసం ఒక చిన్న కామెంట్ రాసుకున్నాడు. పన్నెండింటికి ఉలి: కాలు విరిగింది, పరిగెత్తలేడు. పన్నెండున్నరకి రంపం: ఆరోనెల. ఒంటిగంటకి పట్టకారు: ఇతని ఫొటో వాళ్ల దగ్గరుంది. ఒంటిగంటన్నరకి తాపీ: ముసలాయన, గుండెజబ్బు, ఒంటరిగా దాక్కోలేడు. రెండింటికి ఆకురాయి: ఆఖర్న. తనే అడిగింది.

తనే అడిగింది. ఎలా అడిగి ఉంటుందో అతనికి వినబడుతూనే ఉంది. 'మీరంతా ముందు పొండి, మీ వెనకాల తుడిచేవాళ్లుండాలిగా' అని ఉంటుంది. ఆఖరి బండి రద్దవుతుందని అడిగినప్పుడు తెలీదు కదా ఆమెకి. తెలిస్తే అడిగేదా? అడిగేదేమో. ఆ సంగతి తేల్చుకోవడానికి ఆమె ఇక్కడ లేదు. మిగతా నలుగురి ముఖాలు అతను ఏనాడూ చూడలేదు. నాలుగు పనిముట్లు, నాలుగు కామెంట్లు. వాటి కింద తను ఎత్తుకుని తిప్పిన పిల్ల.

పదకొండూ యాభై.

వరుసలో అతను ఏమీ మార్చలేదు. పాడైన లైను తీసేసి, సరైన సార్ట్ రాయడం మొదలుపెట్టాడు. రెండు కీలు ఎదురుపడితే, వరుసలో ఎవరి స్థానం ఎంతో వెతికి, చిన్న స్థానం ఉన్నదాన్ని ముందుంచాలి. ఐదు లైన్ల పని. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. రెండుసార్లు బ్రాకెట్ మర్చిపోయాడు. పదకొండూ యాభై ఆరుకి సేవ్ చేశాడు. పన్నెండుకి పేజీ దానంతటదే మారుతుంది. అప్పుడు కనబడబోయేది ముందే ఎలా ఉంటుందో చూద్దామని ప్రివ్యూ నొక్కాడు.

పేజీలో అన్నిటికంటే పైన ఆకురాయి ఉంది. పక్కన లాండ్రీ గేటు నంబరు. అచ్చంగా ఆమెదే.

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అతను దాన్ని తప్పు అనుకోలేదు.

"బాగుందే," అంది నెమలి. అతని భుజం మీదుగా వంగి చూస్తోంది. "ఆ లైను దగ్గర మీ ఊపిరి ఆగింది మాస్టారూ. ఎవరు ఆవిడ? భార్యా?"

అతను తర్వాతి వంతులు చూడాలని మళ్లీ ప్రివ్యూ నొక్కాడు. పన్నెండున్నరకి: ఆకురాయి. ఒంటిగంటకి: ఆకురాయి. ఒంటిగంటన్నరకి: ఆకురాయి. మిగతా నలుగురూ ఆమె కింద, ఎప్పటికీ రాని వంతు కోసం.

అప్పుడర్థమైంది. వరుస జాబితాలో రాసిన ఆకురాయి, అర్రేలో ఉన్న ఆకురాయి ఒకటి కావు. కంటికి ఒకేలా ఉన్నాయి. కానీ జాబితాలోని పేరు మధ్యలో ఎవరో కనబడని అక్షరం ఒకటి ఇరికించారు. అందుకని కంప్యూటర్ ఎంత వెతికినా ఆమె స్థానం దొరకదు. దొరకనిదాన్ని అది సున్నా కింద లెక్కగడుతుంది. కంప్యూటర్ లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి మొదటి స్థానమూ సున్నాయే. సున్నా సున్నా సమానమైతే, అక్షరక్రమంలో ముందున్న ఆకురాయే గెలుస్తుంది. అరగంటకోసారి జాబితాలోంచి పేర్లు తీసేసేటప్పుడు కూడా ఆమె దొరకదు కాబట్టి, పైనుంచి కదలదు. మొదటి తప్పుని దొరికేలా పెట్టారు. రెండోదాన్ని, మొదటిది సరిచేసినవాడి చేతే పేలేలా పెట్టారు.

"మీరే పెట్టారు," అన్నాడు వెనక్కి తిరగకుండా.

"నేనే పెట్టాను. ఎవరి పేరైతేనేం అని అక్షరక్రమంలో మొదటిది తీసుకున్నాను," అంది నెమలి. గొంతులో గొప్ప లేదు, విసుగూ లేదు. "మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే మీ పెద్దాయన నన్ను బతకనివ్వడు. మీరు సరిచేసి వెళ్లిపోతే బయటున్న వాళ్లిద్దరూ బతకనివ్వరు. అందుకని మీరే తప్పుచేసి వెళ్లేలా చూసుకున్నాను. ఇంత చలిలో దీనికంటే మంచి ఉపాయం తట్టలేదు."

గోడమీది గడియారం పదకొండూ యాభై ఎనిమిది చూపించింది.

"ఇప్పుడు ఇంకా మంచి ఉపాయం ఉంది," అందామె. గొంతు మెత్తబడింది. "ఈ ఒక్క అరగంటా వదిలెయ్యండి. పన్నెండింటికి ఆవిడ వెళ్లిపోతుంది. పన్నెండూ ఐదుకి సరిచేసుకోండి, నేను అడ్డురాను. తర్వాత ముగ్గురు వెళ్తారు. అప్పుడూ నలుగురే, ఇప్పుడూ నలుగురే. లెక్క తేడా లేదు. తప్పు నాది, మీది కూడా కాదు. నిన్నెవరూ అడగరని ఆయన కూడా అన్నాడుగా, మీ చెవి రేడియో బయటికి వినబడుతోంది."

అదీ నిజమే. లెక్క తేడా లేదు. తేడా అంతా ఎక్కడుందంటే, అలా చేస్తే ఆఖర్న మిగిలేది తాపీ. గుండెజబ్బున్న ముసలాయన. ఆయన ఎవరికో అన్నయ్య అయి ఉంటాడు.

మాస్టారు కర్సర్ని వరుస జాబితాలో ఆకురాయి మీదికి తెచ్చాడు.

"ఆలోచించండి," అంది నెమలి. చిన్న పిస్టల్ ఒకటి అతని మెడకి తగిలింది. చల్లగా ఉంది, గదిలో అన్నీ చల్లగానే ఉన్నాయి.

"ఆలోచించకూడదనే చూస్తున్నాను మేడమ్."

ఎడమ కాలితో తను టేబులు కింద దించిన సిలిండర్ వాల్వుని తన్నాడు. పెన్ను కెమెరా పనిచెయ్యకపోయినా సర్వీసు ఇచ్చిన గ్యాస్ మాత్రం పనిచేసింది. బుస్సుమని తెల్లటి పొగ లేచి నెమలి మణికట్టుని తాకింది. మంచు కాల్చినట్టు కాల్చింది. పిస్టల్ పేలి, గుండు పైకప్పులోకి పోయింది. ఇనుప తలుపుని బయట్నుంచి దబదబా బాదడం మొదలైంది.

పొగలో తెర కనబడలేదు. మాస్టారు మొహం తెరకి ఆనించి, బాణం గుర్తున్న కీ నొక్కుతూ ఒక్కో అక్షరం దాటాడు. కర్సర్ ఒకచోట కదలకుండా ఆగింది. కంటికేమీ కనబడనిచోట. అక్కడ డిలీట్ నొక్కాడు. తెరమీద ఏ మార్పూ లేదు. సేవ్ నొక్కాడు. గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండుకి మూడు గీతల దూరంలో ఉంది.

పేజీ మారింది.

పైన: ఉలి. పక్కన ఉలి నంబరు. అట్టడుగున: ఆకురాయి.

* * *

పదినిమిషాల్లో తలుపు బాదడం ఆగిపోయింది. పెద్దాయన పంపిన మనుషులు కొరియర్ యూనిఫాంల ఇద్దర్నీ మెట్లమీదుగా దించుకుపోయారు. మాస్టారు మాత్రం తలుపు తియ్యలేదు. పేజీని వదిలి కదలడానికి లేదు. నెమలి ఎదురుకుర్చీలో కూర్చుని, కాలిన చేతికి సిల్కు స్కార్ఫు చుట్టుకుంది. పిస్టల్ అతని ఒళ్లో ఉంది.

పన్నెండూ పద్దెనిమిదికి చెవిలో: "ఉలి దాటాడు." ఒంటిగంటకి ముందు: "రంపం దాటింది. ఏడుస్తోంది, బాగానే ఉంది." తర్వాత పట్టకారు.

"మీ చెల్లెలు కదూ?" అంది నెమలి. "భార్య అయితే వదిలేసేవారు కాదు."

"అంటే?"

"భార్యకి రేపు జవాబు చెప్పుకోవాలి. చెల్లెలు క్షమించేస్తుంది."

"మీకు మా చెల్లెలు తెలీదు," అన్నాడు మాస్టారు.

ఒంటిగంటా నలభై ఎనిమిదికి తాపీ దాటాడు. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బండి దిగుతూ, మందుబిళ్ల మింగడానికి నీళ్లడిగాడట. రెండింటికి పేజీలో ఒక్క వస్తువే మిగిలింది. అది పైకొచ్చింది. పక్కన లాండ్రీ గేటు నంబరు. ఆ గేటుకి ఇక ఏ బండీ రాదు.

మాస్టారు ఆ నంబరు చెరిపేశాడు. దాని చోట 'స్టాకు లేదు' అని టైప్ చేశాడు. షాపు కోడ్‌లో దానికర్థం కదలొద్దు, ఎవరూ రావడం లేదు అని. అక్కడ ఇంకేదైనా రాయడానికి వీలుందా అని వెతికాడు. లేదు. ఆ పెట్టెలో అన్నయ్య అనే మాటకి చోటు లేదు.

తలుపు తీసేసరికి పెద్దాయన స్వయంగా వచ్చి నిలబడి ఉన్నాడు. నెమలి చెయ్యి చూసి, "డాక్టర్ని పిలిపిస్తాను," అన్నాడామెతో.

"సార్, ప్రోగ్రామర్‌తో కలిపి ఐదుగురు పోయారు ఈవిడ లైను వల్ల," అన్నాడు మాస్టారు.

"తెలుసు. బయట కాపలా ఉన్న ఇద్దరూ మన చేతిలో ఉన్నారు, ఇక నోరెత్తరు. అంటే ఈవిడ వాళ్ల మనిషేనని అవతలి దుకాణం ఇంకా నమ్ముతుంది. అలా నమ్మే మనిషి నాకు మళ్లీ దొరకదు." ఆయన మాస్టారు మొహంలోకి చూడలేకపోయాడు. ఆ గదిలో కేలండర్ కూడా లేదు. "ఇక నుంచి నెలకి నాలుగుసార్లు మన మనిషి."

నెమలి వెళుతూ వెళుతూ మాస్టారు ముందు ఒక్క క్షణం ఆగింది. స్కార్ఫు ముడి బిగించుకుని వెళ్లిపోయింది. సెంటు వాసన మాత్రం లిఫ్టులో ఆమె వెనకాలే దిగింది.

ఆ సాయంత్రం అవతలి ఊళ్లో ఇల్లిల్లూ గాలించారు. ఆస్పత్రినీ గాలించారు. లాండ్రీలో పనిచేసే ఆడవాళ్లు ఏడుగురని రికార్డుల్లో ఉంది. సోదాలో ఆరుగురే కనబడ్డారని అవతలి రేడియో వార్తల్లో విన్నారు. ఏడో మనిషిని పట్టుకున్నారో, ఆమె తప్పించుకుందో, ఆ వార్త చదివినవాడికి లెక్క రాదో, ఎవరూ తేల్చలేకపోయారు.

వారం తర్వాత పెద్దాయన మాస్టారుని పిలిచి, మిషన్ సక్సెస్ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. నలుగురిని కాపాడాం, ముఠా పన్నాగాన్ని భగ్నం చేశాం అని ఉంది అందులో. ఐదో పేరు రాయడానికి గడి లేదు.

"ఆ సైటు మూసెయ్. రోజుకి ఒక్కరే చూస్తున్నారట," అన్నాడు పెద్దాయన.

"ఎక్కణ్ణుంచి సార్?"

"అవతలి ఊళ్లోంచే. నీ చెల్లెలే కానక్కర్లేదు మాస్టారూ. ఆమె ఫోను తీసుకున్నవాళ్లయినా కావచ్చు. వాళ్లే అయి ఉంటారు."

"అయి ఉంటారు సార్," అన్నాడు మాస్టారు.

మూసెయ్యలేదు. రోజూ పొద్దున ఆఫీసుకి రాగానే ఆ పేజీ తెరుస్తాడు. ఒక్క వస్తువు, దాని పక్కన స్టాకు లేదు. కోడ్ ఒకసారి పైనుంచి కిందికి చదువుతాడు, కనబడని అక్షరాల కోసం ఆకురాయిని అక్షరం అక్షరం దాటుకుంటూ పోతాడు, సార్ట్ సరిగ్గా నడుస్తోందో లేదో చూస్తాడు.

సరిగ్గానే నడుస్తుంది. ఒక్కటే మిగిలిన జాబితాని ఎలా సర్దినా తప్పు రాదు.